సవన్నా చలికాలం, ఒంగోలు ఓడ

1980లలో కొన్నేళ్లపాటు నేను అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని సవన్నా నగరంలో నర్సుగా పనిచేశాను. వృద్ధాశ్రమంలో ఉద్యోగం. అక్కడున్న నల్లజాతి పెద్దావిడల్లో చాలామంది బాప్టిస్టులు. ఒంగోలు పక్క పల్లెలో పుట్టి నెల్లూరులో నర్సింగు చదివిన నేనూ బాప్టిస్టునేనని తెలిశాక వాళ్లు నన్ను పరాయిదానిగా చూడటం మానేశారు. 'మీ దేశంలోనూ నిండా ముంచే ఇస్తారా బాప్తిస్మం?' అని అడిగారు. గుండ్లకమ్మలో ఇస్తారని చెబితే ఆ నది ఎంత పెద్దది, నీళ్లు ఎప్పుడుంటాయి, తెల్లబట్టలు కడతారా అని ఒకటే ఆరాలు. వాళ్ల ఊళ్లు సముద్రపు కయ్యల మీద ఉంటాయి. పోటు వెనక్కి తీసే వేళ చూసుకుని బాప్తిస్మం ఇచ్చేవారట, పాపాలు నీళ్లతోపాటు సముద్రంలోకి పోవాలని.

సంఘంలో వయసు మళ్లిన స్త్రీలను వాళ్లు 'మదర్' అంటారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. అందులో తొంభై దాటిన ఒక మదర్ దగ్గరే నేను ఎక్కువసేపు కూర్చునేదాన్ని. ఆమెది సవన్నాకు దక్షిణంగా ఉన్న లిబర్టీ కౌంటీ. ఆమెను పెంచింది అమ్మమ్మ. ఆ అమ్మమ్మ బానిసగా పుట్టింది. బానిసత్వం మీద అమెరికా ఉత్తరాది, దక్షిణాది పోరాడుకున్న అంతర్యుద్ధంలో ఉత్తరాది సేనాపతి షెర్మన్ సైన్యం వచ్చిన 1864 డిసెంబరులో ఆమెకు పదేళ్లు. అంటే అంతర్యుద్ధపు చివరి నెలల్ని కళ్లారా చూసిన మనిషి చేతి అన్నం తిన్న మనిషి, నా చేతి మందులు వేసుకుంటోంది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆమె చెప్పిన కబుర్లలో తుపాకులు తక్కువ, తిండి ఎక్కువ. ముందు ఉప్పు. ఉత్తరాది నౌకాదళం రేవులన్నీ దిగ్బంధించడంతో దక్షిణాదిలో ఉప్పు బంగారమైపోయింది. పంది మాంసం ఉప్పు పెట్టి పొగబెట్టే కొట్లలో ఏళ్ల తరబడి నేలకు ఇంకిన ఉప్పు ఉంటుంది కదా, ఆ మట్టిని తవ్వి, నీళ్లలో కలిపి, వడగట్టి, మరగబెట్టి ఉప్పు తీసేవారు. అన్నంలోకి వచ్చే ఆ ఉప్పు గోధుమ రంగులో ఉండేదని అమ్మమ్మ చెప్పేదట. మా వైపు చినగంజాం, కనపర్తి ఉప్పు కొఠార్లు చూస్తూ పెరిగిన నాకు, సముద్రం పక్కనే ఉండి ఉప్పుకు ముఖం వాచిన ఊళ్లు ఉంటాయని అప్పటిదాకా తెలియదు. సముద్రపు నీళ్లు కాచి ఉప్పు తీసిన చోట్లను కూడా నౌకాదళం వచ్చి ధ్వంసం చేసేది.

కాఫీ గింజలు లేవు. బెండ గింజలు ముదరనిచ్చి, ఎండబెట్టి, మాడ్చి, దంచి అదే కాఫీ అనుకున్నారు. చిలగడదుంప ముక్కలు ఎండబెట్టి వేయించినా, గోధుమ లాంటి రై ధాన్యపు గింజలు మాడ్చినా అంతే. బట్టలు ఇంట్లో నేసుకున్న ముతకవి. చెప్పులకు తోలు దొరక్క చెక్క అడుగులు కొట్టుకున్నారు. ఇవన్నీ తెల్లవారి పుస్తకాల్లో త్యాగాలుగా చదివాను. మదర్ మాత్రం, 'మా వాళ్లకు అవి ఎప్పుడూ ఉన్న కష్టాలేగా బిడ్డా, ఆ నాలుగేళ్లు దొరసానికీ వచ్చాయి' అని మామూలుగా అనేసి మంచినీళ్లు అడిగేది.

ఇక వరి. ఈ విషయంలో నేనూ ఆమే గంటలు గంటలు మాట్లాడుకున్నాం. జార్జియా, దక్షిణ కరొలైనా తీరమంతా వరి మడులే. ఆ మడుల కట్టలు, తూములు అన్నీ బానిసల చేత కట్టించినవే, ఆఫ్రికా నుంచి వాళ్లు తెచ్చుకున్న పనితనం కూడా తోడై. వడ్లు రోట్లో పోసి రోకళ్లతో దంచి, వెడల్పాటి గడ్డి చేటల్లో చెరిగేవారు. షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి అరవై వేల మందితో నడిచి సవన్నా చేరేసరికి, దార్లో దోచుకున్న తిండి అయిపోయి, సైనికులు కూడా ఈ వరి మీదే బతకాల్సి వచ్చింది. దంచడం చేతకాని ఆ కుర్రాళ్లకు అమ్మమ్మా వాళ్లమ్మా రోలు చూపించి దంచిపెట్టారట. నేను ఒకసారి ఆశ్రమం వంటగదిలో అనుమతి తీసుకుని గంజి వార్చి అన్నం వండి, చింతపండు దొరక్క నిమ్మకాయతో పులిహోర కలిపి పెట్టాను. మదర్ మెతుకు పట్టి చూసి, పలుకు సరిగ్గా ఉందని మెచ్చుకుంది. నాకు వచ్చిన మెప్పుల్లో దాన్ని మించింది లేదు.

ఆ సైనికులు విడుదల తెచ్చిన మాట నిజమే. వాళ్లే బానిసల గుడిసెల్లో దూరి కోళ్లు, తేనె, దుప్పట్లు, ఆఖరికి పిల్లల అంబలి మూకుడు కూడా పట్టుకుపోయిన మాటా నిజమే. లిబర్టీ కౌంటీలో ఆ డిసెంబరులో గుర్రపు దళం అందరినీ ఊడ్చేసింది. యజమాని అప్పగించిన రోజు పని ముగించాక సొంత పనితో ఒక ఆవునో, రెండు పందుల్నో కూడబెట్టుకున్న బానిసలు అక్కడ చాలామంది. స్వేచ్ఛ వచ్చిన రోజే ఆ కూడబెట్టినది పోయింది. అంతకంటే ఘోరం ఎబెనెజర్ వాగు దగ్గర, డిసెంబరు 9న. సైన్యం వెంట నడిచివస్తున్న విముక్తులను, అంటే విడుదలైన బానిసలను, ఒడ్డున ఆపి, సైనికులు దాటగానే తేలుడు వంతెన తీసేశారు. వెనుక దక్షిణాది గుర్రపుదళం. ఆ చల్లటి నీళ్లలోకి దూకినవాళ్లలో ఎందరో మునిగిపోయారు. ఆ వాగు గురించి మదర్ ఒక్కసారే చెప్పింది. మళ్లీ నేనూ అడగలేదు.

డిసెంబరు 21న సవన్నా లొంగిపోయింది. షెర్మన్ ఆ నగరాన్ని క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని అధ్యక్షుడు లింకన్‌కు తంతి పంపాడు. ఊరు కాల్చలేదు కాబట్టి నిలబడింది గానీ, తినడానికి ఏమీ మిగల్లేదు. జనవరిలో న్యూయార్కు, బోస్టన్ నగరాలు చందాలు పోగుచేసి ఓడల్లో పిండి, మాంసం పంపాయి. తెల్లవారూ నల్లవారూ ఆ తిండి కోసం వరుసల్లో నిలబడ్డారు.

ఆ జనవరిలోనే ఒక సంగతి జరిగింది. దాని కోసమే ఈ జ్ఞాపకాలు రాయడం మొదలుపెట్టాను. 1865 జనవరి 12 సాయంత్రం, మాడిసన్ స్క్వేరు పక్కన షెర్మన్ బస చేసిన భవనానికి ఇరవైమంది నల్లజాతి సంఘపెద్దలు వెళ్లారు. ఎక్కువమంది బాప్టిస్టు, మెథడిస్టు సంఘాల వాళ్లు. వాషింగ్టన్ నుంచి యుద్ధ మంత్రి స్టాంటన్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. మీ ప్రజలకు ఏమి కావాలి అని ఒక ప్రభుత్వం వాళ్లను కూర్చోబెట్టి అడగడం అంతకుముందు లేదు. అందరి తరఫున మాట్లాడింది గారిసన్ ఫ్రేజియర్ అనే బాప్టిస్టు బోధకుడు. వయసు 67. అంతకు ఎనిమిదేళ్ల ముందు వెయ్యి డాలర్ల వెండి బంగారాలు లెక్కపెట్టి ఇచ్చి తననూ తన భార్యనూ కొనుక్కున్న మనిషి.

బానిసత్వం అంటే ఏమిటని మంత్రి అడిగాడు. ఇంకొకడి పనిని అతని ఇష్టంతో పనిలేకుండా బలవంతంగా తీసుకోవడం అని చెప్పాడు ఫ్రేజియర్. మీరు మిమ్మల్ని ఎలా పోషించుకుంటారు అంటే, మాకు భూమి కావాలి, మా చేతులతో మేమే దున్నుకుంటాం అన్నాడు. తెల్లవారితో కలిసి ఉంటారా, విడిగానా అంటే, వాళ్ల మనసుల్లోని ద్వేషం పోవడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి విడిగానే అన్నాడు. తర్వాత షెర్మన్‌ను గదిలోంచి బయటికి పంపి, ఈయన గురించి మీ అభిప్రాయం ఏమిటని వాళ్లను అడిగాడు మంత్రి. గెలిచిన సేనాపతి గడప బయట ఉంటే, నిన్నటి బానిసలు లోపల ఆయన నడవడి గురించి సాక్ష్యం చెప్పారు. వాళ్లు ఆయన గురించి మంచిగానే చెప్పారు. మదర్ ఈ ఘట్టానికి వచ్చేసరికి దిండు సర్దమని, లేచి కూర్చుని మరీ చెప్పేది.

నాలుగు రోజులకు షెర్మన్ ఉత్తర్వు వచ్చింది. దక్షిణ కరొలైనాలోని చార్ల్‌స్టన్ నుంచి ఫ్లోరిడా దాకా తీరపు దీవులు, వరి మడులు విముక్తులకు కేటాయించి, కుటుంబానికి 40 ఎకరాల వరకు ఇవ్వాలని. ఆ సమావేశంలో ఉన్న యులిసిస్ హూస్టన్ అనే బాప్టిస్టు పాస్టర్ తన వాళ్లను వెంటబెట్టుకుని స్కిడవే ద్వీపానికి వెళ్లి ఊరు కట్టాడు. కొన్ని నెలల్లో దాదాపు నలభై వేలమంది అలా భూముల్లో దిగారు.

అదే జనవరిలో ఆ పెద్దలు బడులు కూడా పెట్టారు. జార్జియాలో బానిసలకు చదువు చెప్పడం 1829 నుంచి చట్టం ప్రకారం నేరం. సవన్నాలో కొందరు ఆడవాళ్లు తలుపులు మూసి రహస్యంగా చెప్పేవారు. ఇప్పుడు వందలాది పిల్లలు ఆఫ్రికన్ బాప్టిస్టు మందిరం దగ్గర చేరి వీధుల వెంట బారులు తీరి నడిచి, మనుషుల్ని అమ్మిన సంత భవనంలోకే బడికి వెళ్లారు. ఆ బడికి డబ్బు ఆ సంఘాలే వేసుకున్నాయి. నేను ఆ ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్టు మందిరానికి చాలాసార్లు వెళ్లాను. పగలంతా యజమానుల పని చేసి, రాత్రిళ్లు ఇటుకలు మోసి బానిసలు కట్టుకున్న గుడి అది. 1859లో పూర్తయింది. కింది గది చెక్క నేలలో ముగ్గుల్లా తొలిచిన రంధ్రాలు ఉంటాయి. పారిపోయి వచ్చిన బానిసలు నేల కింద దాక్కుంటే గాలి ఆడటానికని ఆ సంఘం వాళ్లు తరతరాలుగా చెబుతారు.

అక్కడ పాట అందుకునే తీరు చూసి నాకు మా ఊరి గుడి కళ్ల ముందు నిలిచింది. ఒకరు ఒక పాదం చెబితే సంఘమంతా దాన్ని సాగదీసి పాడుతుంది. చదువు రాని సంఘాలకు పాటల పుస్తకం అలాగే చేతికొచ్చేది. మా నాయనమ్మ తరం ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు నేర్చుకున్నదీ అలాగే. డిసెంబరు 31 రాత్రి మేలుకుని ప్రార్థన చేయడం కూడా. మన సంఘాల్లో 'వాచ్ నైట్' అని ఎంత ఆనందంగా చేస్తామో, అక్కడ అంతకు మించి చేస్తారు. 1862 చివరి రాత్రి, తెల్లవారితే లింకన్ బానిసల విమోచన ప్రకటన అమల్లోకి వస్తుందని కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్న తమ పెద్దల్ని ఆ రాత్రి తలుచుకుంటారు.

ఆ చలికాలంతో మనకున్న సంబంధం పాటలతో అయిపోలేదు. 1864 నవంబరు 30న, అంటే షెర్మన్ సైన్యం జార్జియా నడుమ ఉండగా, బోస్టన్ రేవు నుంచి ఒక ఓడ మద్రాసుకు బయలుదేరింది. అందులో నెల్లూరుకు తిరిగి వస్తున్న బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయనతోపాటు మిషనరీగా మొదటిసారి వస్తున్న క్లౌ దొర, ఆయన భార్య హేరియట్ అమ్మగారు ఉన్నారు. వాళ్లు సముద్రం మీద ఉండగానే సవన్నా లొంగింది, ఫ్రేజియర్ మంత్రితో మాట్లాడాడు, దక్షిణాది రాజధాని రిచ్‌మండ్ కాలిపోయింది. 1865 ఏప్రిల్లో వాళ్లు మన తీరం చేరారు. అదే నెల 9న దక్షిణ సేనాపతి లీ లొంగిపోయాడు, 15న లింకన్ కన్నుమూశాడు. అట్లాంటిక్ కింద తంతి తీగ ఇంకా లేని రోజులు. స్వదేశంలో యుద్ధం ముగిసిందన్న కబురు వాళ్లకు ఓడల మీద, ఆలస్యంగా అందింది. యుద్ధంతో చందాలు సన్నగిల్లి, ఫలితం లేని తెలుగు మిషను మూసేద్దామని 1862లో మళ్లీ చర్చ వస్తే, మీరు పంపకపోయినా నేను వెళతానని పట్టుబట్టిన మనిషి జ్యూయెట్ దొర. సండేస్కూల్లో ఇది మాకు కంఠతా వచ్చు.

సండేస్కూల్లో చెప్పనిది ఒకటి ఉంది. మన దగ్గరకు మిషనరీలను పంపిన ఆ బోస్టన్ బోర్డు, బానిసలున్నవాడిని మిషనరీగా నియమించబోమని 1844లో తేల్చి చెప్పింది. దాని మీదే దక్షిణాది బాప్టిస్టులు 1845 మే నెలలో జార్జియాలోని ఆగస్టాలో కూడి, విడిపోయి, వేరే సమాఖ్య పెట్టుకున్నారు. దేశం చీలడానికి పదహారేళ్ల ముందే సంఘం చీలింది. నెల్లూరు మిషను చీలికకు ఉత్తరాది ఒడ్డున ఉండిపోయింది. సవన్నాలో నేను సేవ చేసిన ఆ మదర్ పూర్వీకులు ఆ చీలికకు మూలమైన మనుషులు. ఇంత దగ్గరి చుట్టరికం తెలియకుండా నేను పాతికేళ్లు బాప్టిస్టుగా బతికాను. మనకు దొరల ఓడ గురించి చెప్పినవాళ్లు ఫ్రేజియర్ పేరు కూడా చెప్పి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఈనాటికీ ఉంది.

రిచ్‌మండ్ గురించి కొంచెం చెబుతాను. సెలవులో ఒకసారి వెళ్లాను. దక్షిణాది రాజధాని అది. అక్కడి ఆఫ్రికన్ బాప్టిస్టు మందిరం ఊళ్లోకెల్లా పెద్ద హాలు కావడంతో, 1865 ఫిబ్రవరిలో దక్షిణాది అధ్యక్షుడు డేవిస్ అక్కడే నిలబడి చివరిదాకా పోరాడదామని ఉపన్యసించాడు. బానిసల చందాలతో నడిచిన గుడిలో బానిసత్వం కోసం ఉపన్యాసం! మార్చి 10ని ఉపవాస ప్రార్థన దినంగా ప్రకటించాడు. అప్పటికే పిండి బస్తా కొనాలంటే సంచినిండా నోట్లు కావాలి. ఉపవాసం వేరే చెప్పనవసరం లేదు. మార్చి 4న లింకన్ అన్నట్టు ఇరుపక్షాలూ ఒకే బైబిలు చదివి ఒకే దేవునికి ప్రార్థించాయి. కొడుకుల్ని పోగొట్టుకుని ప్రార్థించిన తెల్లతల్లుల కన్నీళ్లను నేను తక్కువ చేయను. ఆ ఏప్రిల్లో ఊరు కాలిన మంటల్లో అక్కడి బాప్టిస్టు పత్రిక అచ్చుకూటం కూడా బూడిదైంది. కొద్దిరోజులకే అదే ఆఫ్రికన్ మందిరంలో నల్లపిల్లలు పలకలు పట్టి కూర్చున్నారు.

మన రైతుకు కూడా ఆ యుద్ధం తెలుసు. అమెరికా పత్తి ఆగిపోవడంతో ఇంగ్లండు మిల్లులకు మన పత్తి కావలసి వచ్చింది. కాకినాడ రేవు ఆ రోజుల్లోనే పుంజుకుంది. యుద్ధం ముగియగానే ధర పడిపోయింది.

భూమి సంగతి బాధాకరం. లింకన్ తర్వాత వచ్చిన అధ్యక్షుడు జాన్సన్ 1865లోనే మాజీ యజమానులను క్షమించి భూములు తిరిగి ఇచ్చేశాడు. మదర్ అమ్మమ్మ వాళ్లకు దక్కింది ఒకే ఒక్క పంట. కోతలయ్యాక పాత యజమాని తిరిగొచ్చాడు, కూలికి ఉంటే ఉండండి, లేదంటే వెళ్లండి అన్నాడు. 'మరి మీ వాళ్లకు దక్కిందా బిడ్డా భూమి?' అని మదర్ నన్ను అడిగింది. నాయనమ్మ నోట విన్న వెట్టి గురించి చెప్పాను. మాదిగలు ఊరికి చెప్పులు కుట్టి, డప్పు కొట్టి, కబుర్లు మోసి, పిలిచినప్పుడల్లా పనికి పోవాల్సిందే. 1867 జనవరి 1న ఒంగోలులో ఎనిమిదిమందితో సంఘం ఏర్పడ్డాక, ఆదివారం పనికి రాలేమని చెప్పినందుకు మా వాళ్లు తిన్న దెబ్బల గురించి చెప్పాను. పెద్దకులాల వాళ్లు మాదిగలను చేర్చుకోవద్దంటే, క్లౌ దొరా అమ్మగారూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిచి, లోకంలో ఎన్నికలేని వారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న కొరింథీ పత్రిక మాట ఇద్దరూ చూసిన కథ చెప్పాను. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతీ చెప్పాను. ఆమె అన్నీ విని, 'అది సరే, భూమి?' అంది. మా తాతకు ఊరి చివర కొంచెం బంజరు ఉండేదని, దానికి పట్టా కోసం మా నాన్న ఆఖరిదాకా తిరిగాడని చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆమె పోయాక, ఆ ఇరవైమంది సమావేశపు నివేదిక సంపాదించి చదివాను. 1865 ఫిబ్రవరి 13న న్యూయార్కు ట్రిబ్యూన్ పత్రిక దాన్ని అచ్చువేసింది. ప్రతి మనిషికీ పేరు, వయసు, పుట్టిన ఊరు, ఏ సంఘం, ఎప్పుడు ఎలా విడుదలయ్యాడు అన్నీ రాసి ఉన్నాయి. ఎంత వెల చెల్లించి తనను కొనుక్కున్నాడో కూడా. నిన్నటిదాకా ఆస్తుల జాబితాలో ఉన్నవాళ్లను అలా వరుసగా మనుషులుగా రాసిన ఆ గుమాస్తాకు నేను దణ్ణం పెట్టుకున్నాను.

మన ఒంగోలు, కావలి, కనిగిరి, వినుకొండ, నరసరావుపేట సంఘాల్లో కూడా పాత బాప్తిస్మం రిజిస్టర్లు ఉన్నాయి, పల్లె పేరుతో సహా. కొన్ని చోట్ల చెదలు పట్టాయి. మీ సంఘంలో ఉంటే పెద్దల్ని అడిగి, పేజీలన్నీ ఫొటోలు తీసి పెట్టండి. మా నాయనమ్మ చెప్పిన పేర్లు నేను రాయడం మొదలుపెట్టాను. మాదిగల్లో తొలి విశ్వాసుల్లో ఒకరైన యర్రగుంట్ల పేరయ్య గారి దగ్గర మొదలుపెట్టి మా పల్లె దాకా వచ్చాను. మా పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్న స్త్రీ పేరు ఇంకా దొరకలేదు. ఆమె పలానావాడి భార్య అని మాత్రమే అందరూ చెబుతున్నారు, వెతుకుతున్నాను.